ఊదారంగు దిద్దుబాట్లు

ఆ రోజుల్లో, అంటే తొంభైలు ఇంకో రెండు మూడేళ్ళలో అయిపోతాయనగా, నేను లైబ్రరీ సైన్సు చదివానని చెప్తే మా పటమట చుట్టాలందరూ ఒకటే అడిగేవాళ్ళు. "సైన్సంటున్నావు, మరి ల్యాబు ఉంటుందా?" ఉండదంటే "అయ్యో" అని జాలిపడి కాఫీ ఇచ్చేవాళ్ళు. నాకు మాత్రం నా చదువంటే మహా గర్వం. ఏ వస్తువుకైనా ఒక నంబరు వేసి, ఒక కార్డు రాసి, దాని చోట్లో దాన్ని పెట్టేస్తే లోకం దారికొస్తుందని మనస్ఫూర్తిగా నమ్మిన వయసది. ఆ నమ్మకంతో మా వంటింట్లో పోపు డబ్బాలకి కూడా నంబర్లు అంటించాను. (మెంతులు ఆరు, ఆవాలు ఏడు. మా అమ్మ రెండు రోజులు ఓర్చుకుంది. మూడో రోజు నా వీపు మీద ఒకటి అంటించింది.) ఇక దెయ్యాలంటారా, వాటికీ మా సబ్జెక్టులో ఒక నంబరుంది. ఆ నంబరు కింద పుస్తకాలుంటాయి తప్ప దెయ్యాలుండవు కదా అని నా ధైర్యం. ఆ ధైర్యం గుణదలలో ఒక పాత ఇంట్లో, పట్టపగలు, ఫ్యాన్ కింద కూర్చుని ఎలా పోగొట్టుకున్నానో ఇప్పుడు చెప్తే మా పిల్లలు నవ్వుతున్నారు. అప్పుడు నవ్వినవాళ్ళెవరూ లేరు.

ఉద్యోగం రాక ఇంట్లో కూర్చున్నానని మా నాన్న ఆఫీసులో ఎవరికో చెప్తే, వాళ్ళు ఇంకెవరికో చెప్తే, చివరికి గుణదల నుంచి కబురొచ్చింది. రిటైరైన రైల్వే గార్డు ఒకాయన ఇంట్లో సామాన్లకి జాబితా రాసిపెట్టాలట. "పుస్తకాలకా నాన్నా?" అన్నాను. "కాదు, సామాన్లకే. గడియారాలూ, లాంతర్లూ, కళ్ళజోళ్ళూ. పాత వస్తువులు దాచుకోవడం ఆయనకి సరదా అట" అన్నాడు మా నాన్న. పుస్తకమైతేనేం, లాంతరైతేనేం, నంబరు నంబరే కదా అని మర్నాడు ఒక అట్టపెట్టెలో తెల్లకార్డుల కట్ట, నా బ్లూ ఇంకు పెన్నూ పెట్టుకుని సిటీ బస్సెక్కాను.

గార్డుగారి ఇల్లు రెండు వాటాలది. ఒక వాటాలో ఆయన ఒక్కరే. రెండో వాటా తలుపు ఎప్పుడూ వేసే ఉండేది. ఎవరుంటారని మొదటి రోజు అడిగితే "ఉంటారు" అని ఊరుకున్నారు. ఆయనది పొడుగాటి విగ్రహం. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా. ఇంట్లో కూర్చున్నా బండి కదలబోతున్నట్టు నిటారుగా ఉండేవారు. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిపోయాయి. వెలుగు పడితే నీళ్ళు కారతాయని కిటికీలన్నీ మూయించి ఉంచేవారు. అందుకని ఆ ఇంట్లో పగలు పదింటికి కూడా సందెపొద్దులా ఉండేది. ఆ మసకలో గోడల నిండా అరలు, అరల నిండా వస్తువులు. కీ ఇవ్వని గడియారాలు పదిహేడు, ఒక్కొక్కటి ఒక్కో టైము దగ్గర ఆగిపోయి. చిమ్నీలు మసిబారిన లాంతర్లు. మూతల్లేని ఇంకు బుడ్లు, బుడ్లు లేని మూతలు. దువ్వెనలు, గుండీలు, తాళాలు పోయిన తాళంచెవులు. వాటన్నిటి మీద కలరా ఉండల వాసన. తలుపు దగ్గర చెప్పులు విప్పి లోపలికి అడుగు పెట్టగానే, అంతవరకూ ఏదో మాట్లాడుకుంటున్నవన్నీ నన్ను చూసి చప్పున ఆపేశాయనిపించింది.

"ఏది ఎక్కడుందో, ఎవరిదో, ఇంటికి ఎలా వచ్చిందో రాయమ్మాయ్" అన్నారు గార్డుగారు. "మా ఆవిడ పోయి తొమ్మిదేళ్ళయింది. అప్పట్నుంచి ఈ ఇంట్లోంచి గుండుసూది కూడా బయటికి పోనివ్వలేదు. రేపు నాకు చూపు పూర్తిగా పోయినా, ఆ కార్డులు ఎవరి చేతో చదివించుకుంటే ఇల్లంతా కనబడాలి."

వెంటనే పనిలోకి దిగాను. ఆయన ఒక్కో వస్తువునీ చేత్తో తడిమి దాని చరిత్ర చెప్పేవారు. నేను కార్డు మీద నంబరు వేసి, ఆయన చెప్పింది రాసి, అట్టపెట్టెలో వరసగా నిలబెట్టేదాన్ని. పది నుంచి ఒంటిగంట దాకా పని. ఒంటిగంటకి ఆయన భోజనం, నా బస్సు. సాయంత్రం అయిదింటికి ఆయన కర్ర పట్టుకుని, అలవాటైన దారే కాబట్టి ఒక్కరే, మేరీమాత గుడికి వెళ్ళి గంటన్నర కూర్చుని వచ్చేవారు.

నాలుగో రోజో అయిదో రోజో మొదటిది కనబడింది. ముందురోజు నేను రాసిన కార్డు ఇది: "పింగాణీ జాడీ. మూత అంచు పగిలినది. పిల్లి దూకడం వల్ల." దాని కింద, నా నీలం సిరా కింద, ఊదారంగులో ఒక వాక్యం ఉంది.

"ఈ ఇంట్లో పిల్లి ఎప్పుడూ లేదు."

అది నా రాత కాదు. గార్డుగారి రాతా కాదు, ఆయనకి కార్డు అంచే కనబడదు. పైగా అలాంటి రాత నేను అప్పటికే ఒకచోట చూశాను. బిస్కెట్ల డబ్బాలో గుండీల పొట్లం ఒకటి ఉంది. దాని మీద వాళ్ళావిడ రాసిన చీటీ: "నీలం చొక్కావి. ఒకటి తక్కువ." అదే ఊదారంగు, తడిచేసి రాస్తే సిరాలా దిగే రైల్వే పెన్సిలు. తలకట్లన్నీ కొడవలి కొనల్లా పైకి లేచిన అదే రాత. డబ్బా తీసి రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. సరిగ్గా అప్పుడే కరెంటు పోయి ఫ్యాను ఆగింది. (మా బెజవాడలో ఎండాకాలం రోజూ అదే టైముకి పోయేది, అందులో వింతేమీ లేదు. కానీ ఆ సంగతి అప్పుడు గుర్తుకు రాలేదు.)

"సార్, కార్డు మీద ఎవరో ఏదో రాశారండీ" అన్నాను. గొంతు నాది కాదు, నా చెల్లెలిది లాగా వచ్చింది.

"చదువు."

చదివాను. గార్డుగారి ముఖం మీద ఒక చిన్న నవ్వు, పొరపాటున దొరికిపోయిన కుర్రాడి నవ్వు, వచ్చి వెళ్ళిపోయింది. "నిజమే. పిల్లి లేదు. నేనే పగలగొట్టాను" అన్నారు. "ఆ ముక్క కొట్టెయ్యకు. అలాగే ఉంచు."

అంతే. మర్నాటి నుంచి వరస మొదలైంది. రోజుకి ఒకటి, ఒక్కోరోజు రెండు. "చేతి గడియారం, బండి డ్రైవరు బహూకరించినది" అని నేను రాస్తే, మర్నాటికి కింద "బహూకరించలేదు. డ్యూటీకి లేటవుతున్నారని బీసెంటు రోడ్డులో కొన్నది." "కళ్ళజోడు, ప్రయాణంలో పోయి మళ్ళీ దొరికినది" అని రాస్తే, "పోలేదు. పేకాటకి వెళ్ళకుండా బియ్యం డబ్బాలో దాచడం జరిగింది." నేను పెట్టె మూసి దానికి తాడు కట్టి వెళ్ళాను. మర్నాడు తాడు అలాగే ఉంది, ముడి మాత్రం నాకంటే నీటుగా ఉంది. లోపల కొత్త దిద్దుబాటు. ఆ ముడిని మూడుసార్లు విప్పి కట్టి చూశాను, నాకు అంత నీటుగా రాలేదు.

ఇంట్లో చెప్పాను. మా నాన్న "ముసలాయన నిన్ను ఆటపట్టిస్తున్నాడే" అన్నాడు. మా అమ్మ నవ్వలేదు. ఆంజనేయస్వామి గుడికి తీసుకెళ్ళి సింధూరం పెట్టించింది. పక్కింటి బీబమ్మ అత్త సంగతి విని దర్గా నుంచి తాయెత్తు తెచ్చి జబ్బకి కట్టింది. గుణదల వెళ్తూ అక్కడి అమ్మని మర్చిపోతే ఎలాగని, బస్టాపు దగ్గర పూలమ్మే ఆవిడ మేరీమాత బిళ్ళ ఒకటి ఇచ్చింది. అలా మూడు మతాల రక్షణలో, నుదుటా జబ్బకీ మెడలోనూ ఒక్కొక్కటి వేసుకుని, రోజూ చెమటలు కక్కుతూ వెళ్ళి కార్డులు రాశాను. మానెయ్యొచ్చు కదా అంటారా? మానెయ్యలేకపోయాను. రాత్రి పడుకుంటే, రేపు దేని కింద ఏం రాసి ఉంటుందోనని ఉండేది.

ఒకరోజు కాస్త ముందుగా వెళ్ళాను. గార్డుగారు కిటికీ దగ్గర కూర్చుని బ్లేడుతో ఊదారంగు పెన్సిలు చెక్కుతున్నారు. కళ్ళు కనబడవు కాబట్టి వేలితో మొన తడిమి తడిమి చూసుకుంటూ. చెక్కిన పెన్సిలుని కార్డుల పెట్టె పక్కన, తల అటు తోక ఇటు సరిగ్గా పెట్టారు.

"ఎవరికండీ?" అన్నాను, తెలిసే.

"ఆవిడకి మొన వాడిగా ఉండాలి. లేకపోతే విసుక్కుంటుంది." ఎండ వేడిగా ఉందన్నట్టే చెప్పారు. "మొదటిసారి పిల్లి అని పొరపాటున చెప్పానమ్మాయ్. నాకే అలా గుర్తుండిపోయింది. ఆ తర్వాతవి మాత్రం కావాలని చెప్పిన అబద్ధాలు. బతికున్నప్పుడూ అంతే, నేను తప్పు చెప్తే పక్కగదిలో ఉన్నా వచ్చి దిద్దేది. ఒప్పు చెప్తే పలికేది కాదు. ఇదిగో ఈ గొడుగుంది చూడు. మద్రాసు స్టేషన్లో దొరికింది అని రాయి."

"నిజమేనాండీ?"

"కాదు. రాయి."

రాశాను. మర్నాడు దాని కింద "దొరకలేదు. మా నాన్నగారిది" అని ఉంది. అది చదివినప్పుడు ఆయన గొడుగుని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు నిమురుతూ కూర్చున్నారు. నాకు ఒక పక్క భయం, ఒక పక్క ఏడుపు. పదిహేడు గడియారాలూ నన్నే చూస్తున్నట్టు ఉంది.

ఇలా నెల దాటాక, ఒకరోజు నా టిఫిన్ బాక్సు అక్కడే మర్చిపోయి ఇంటికి వచ్చేశాను. స్టీలు బాక్సు, మీద మా అమ్మ పేరు కొట్టించినది. దెయ్యం సంగతి మా అమ్మకి అర్థమవుతుంది కానీ బాక్సు పోయిన సంగతి అర్థం కాదు. అందుకని ఆ సాయంత్రమే మళ్ళీ బస్సెక్కి వెళ్ళాను. అయిదున్నరయింది, బయట ఇంకా ఎండగానే ఉంది. గార్డుగారు గుడికి వెళ్ళిపోయారు. పూలకుండీ కింద తాళంచెవి ఎప్పుడూ ఉండే చోటే ఉంది. తలుపు తీసి, చప్పుడు కాకుండా మసకలోకి అడుగు పెట్టాను.

కార్డుల పెట్టె మీదికి వంగి ఒక ఆడమనిషి. తెల్ల చీర, నెరిసిన జుట్టు. నా అడుగు వినబడి మెల్లిగా ఇటు తిరిగింది. నోరు తెరిచి ఉంది. పెదాలూ నాలుకా చిక్కటి ఊదారంగు.

నేను పెట్టిన కేక పూర్తిగా బయటికి రాకముందే ఆవిడ కూడా కేక పెట్టింది. నేను వెనక్కి పడ్డాను. వీపు అరకి తగిలింది, అర మీది అలారం గడియారం కింద పడింది, ఎన్నేళ్ళుగానో ఆగిపోయి ఉన్న ఆ గడియారం గణగణమని మోగడం మొదలెట్టింది. దాన్ని ఆపాలని ఆవిడా నేనూ ఒకేసారి వంగి తలలు ఢీకొట్టుకున్నాం. దెబ్బ గట్టిగానే తగిలింది. ఆ నొప్పికి నాకు తెలివొచ్చింది. దెయ్యానికి తల ఇంత గట్టిగా ఉండదు.

"అరవకు పిల్లా, వీధిలోవాళ్ళు వస్తారు!" అని ఆవిడ నా నోరు మూసింది. చేతికి వెల్లుల్లి వాసన. మంచినీళ్ళు ఇచ్చింది. అప్పుడు చూశాను, రెండు వాటాలకీ మధ్య గోడలో, బీరువా చాటున, ఒక తలుపు ఉంది. గడియ ఆవిడ వైపు. ఆవిడ గార్డుగారి మరదలు, పోయినావిడకి స్వయానా చెల్లెలు. అక్కాచెల్లెళ్ళిద్దరికీ కాన్వెంటు హాస్టల్లో ఒకే సిస్టరు చెయ్యి పట్టుకుని రాత దిద్దించిందట. అందుకే ఇద్దరివీ ఒకేలాంటి కొడవలి తలకట్లు. రాసేముందు పెన్సిలు మొన నాలుక మీద అద్దడం కూడా ఇద్దరికీ అలవాటే.

"అక్క పోయినరోజు ఒక్క వస్తువు అడిగాను, దువ్వెన" అంది ఆవిడ. "'ఈ ఇంట్లోంచి ఏదీ కదలదు' అని నలుగురిలో కసిరాడు. అప్పట్నుంచి మాటల్లేవు. మరి నువ్వొచ్చి రాస్తుంటే, ఈ తలుపు సందులోంచి అన్నీ వినబడుతున్నాయి. పిల్లి అట! మా అక్క పిల్లిని పెంచిందట! ఒళ్ళు మండి, దిద్ది వచ్చాను. తర్వాత్తర్వాత చూస్తే అన్నీ అబద్ధాలే చెప్తున్నాడు. ఎన్నని ఊరుకోను?"

"ఆంటీ, ఆయన వాళ్ళావిడే వచ్చి రాస్తోందనుకుంటున్నారు" అన్నాను.

ఆవిడ ఊదారంగు నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది. ఆ సంగతి ఆవిడకి తెలీదు. మరదలే దిద్దుతోందని ఆయనకి తెలుసనీ, తెలిసీ పలకరించడం లేదనీ ఇన్నాళ్ళూ అనుకుంటోంది. కొంగుతో నోరు తుడుచుకుని, "చెప్పకు పిల్లా" అంది. "ఏసయ్య మీద ఒట్టు, చెప్పకు. ఆయన ముఖం ఎలా ఉంటుందో నాకు చూడాలని లేదు."

ఒట్టు వేశాను. రెండు వారాలు నిలబెట్టుకున్నాను కూడా. (నా జీవితంలో ఒక రహస్యాన్ని అన్నాళ్ళు మోయడం అదే మొదలు, అదే చివర.) ఆవిడా మానేస్తే అనుమానం వస్తుందని రోజుకొకటి దిద్దుతూనే ఉంది. ఇక భయం పోయిందనుకున్నాను. కానీ నిజం తెలిశాక ఆ ఇంట్లో కూర్చోవడం ఇంకా కష్టమైంది. ఆయన పెన్సిలు చెక్కుతుంటే తలెత్తి చూడలేకపోయేదాన్ని.

ఒకరోజు కంటి ఆసుపత్రి నుంచి కబురొచ్చింది, వచ్చేవారం ఆపరేషన్ పెట్టుకుందామని. ఇంకా ఆలస్యం చేస్తే చూపు తిరిగి రావడం కష్టమని డాక్టరు గట్టిగానే చెప్పారట. గార్డుగారు ఆ చీటీని నా చేత చదివించుకుని, మడిచి, చింపేశారు.

"అదేంటండీ!"

"వద్దులే అమ్మా. నాకు కనబడదు కాబట్టే ఆవిడ వస్తోంది. చూపొస్తే, కనబడాల్సి వస్తుందని మానేస్తుందేమో."

నేనేం చేశానో ఇప్పటికీ స్పష్టంగా గుర్తుంది. లేచి నిలబడ్డాను. ఒట్టు గుర్తొచ్చింది. ఆ చింపిన చీటీ ముక్కలు కూడా కనబడ్డాయి. "సార్, అది మీ ఆవిడ కాదండీ. పక్కవాటా ఆంటీ. నేను కళ్ళారా చూశాను. ఆ తలుపులోంచి వచ్చారు" అని గబగబా అనేశాను.

గార్డుగారు తిట్టలేదు. తిడితే బాగుండేది. పెన్సిలు తీసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నారు. "రేపట్నుంచి రాకమ్మా" అన్నారు. "టైమవుతోంది, నీ బస్సు పోతుంది." ఆ రోజు పటమట దాకా ఎలా వచ్చానో నాకే తెలీదు. మూడు రోజులు అన్నం సయించలేదు. ఒక మనిషికి ఇంకోసారి భార్య పోయేలా చేశాననిపించింది.

నాలుగో రోజు మా నాన్న ఆఫీసుకి ఫోన్ వచ్చింది, అమ్మాయిని పంపించమని. భయపడుతూ వెళ్ళాను. వీధిలోకే కేకలు వినబడుతున్నాయి. లోపలికి వెళ్తే బీరువా పక్కకి జరిపి ఉంది, మధ్య తలుపు బార్లా తెరిచి ఉంది. గార్డుగారు కుర్చీలో నిటారుగా, ఎదురుగా ఎత్తుపీట మీద ఆంటీ.

"నీ రాత అయితే నీ పేరు పెట్టాలి కదా!" అని ఆయన.

"అబద్ధాలు చెప్పేవాళ్ళకి పేరు కూడా పెట్టాలా బావగారూ?" అని ఆవిడ. నన్ను చూసి, "రా పిల్లా, కూర్చో. డెబ్భై రెండో నంబరు దువ్వెన. 'మా ఆవిడది' అని రాయించాడు. కొట్టెయ్. అది అక్కది కాదు, అసలు నాదే. తలనొప్పిగా ఉందని ఒకరోజు తీసుకుంది, తిరిగి ఇవ్వలేదు."

"మరి తొమ్మిదేళ్ళ క్రితం ఆ మాట అనొచ్చుగా!"

"మీరు అననిచ్చారా?"

ఆయన దువ్వెన తీసి చెయ్యి చాపారు. ఆవిడ ఉన్న వైపు కాదు, కొంచెం పక్కకి చాపారు, కనబడక. ఆవిడే జరిగి అందుకుంది. అప్పుడు చూశాను ఆవిడ కళ్ళల్లో నీళ్ళు. ఆ వారంలోనే ఆవిడే ఆయన్ని రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్ళి ఆపరేషన్‌కి కొత్త తేదీ రాయించింది. దారంతా పోట్లాడుకున్నారట.

ఇక్కడితో అంతా సుఖాంతం అనొచ్చు. కానీ నేను ఆయన్ని రోజూ చూస్తున్నాను కదా. అబద్ధాలు చెప్పడం మానేశారు. ప్రతిదీ ఒప్పే చెప్పేవారు, చిన్న గొంతుతో, త్వరగా అయిపోతే బాగుణ్ణన్నట్టు. ఒకసారి మాత్రం అన్నారు, "మా మరదలు దిద్దుతోంది, మంచిదే. కానీ ఇంట్లో ఆవిడ తిరుగుతోందనుకుని నెలన్నర బతికాను చూడు, అది బాగుండేదమ్మాయ్."

ఆ మాట నన్ను తినేసింది. అందుకని, ఇరవయ్యొక్కేళ్ళ బుర్రకి తట్టే పని ఒకటి చేశాను. ఆపరేషన్‌కని ఆయనా ఆంటీ ఆసుపత్రిలో ఉన్న రెండు రోజులూ ఇంటికి నేనే కాపలా. మిగిలినవి ఆయన డ్యూటీ పెట్టె లాంటి పెద్ద వస్తువులే. నల్ల రేకు పెట్టె అది, జెండాలూ దీపం పెట్టుకుని గార్డులు బండిలోకి ఎక్కించుకునేది. దానికి కార్డు రాశాను. న్యూసుపేపరు అంచుల మీద కొడవలి తలకట్లు నలభైసార్లు దిద్దుకున్నాను. పెన్సిలు నాలుక మీద అద్దుకుని (చేదు!), ఆ కార్డు కింద ఒక వాక్యం రాశాను. ఏం రాయాలో ఎంతసేపు ఆలోచించినా తోచలేదు. నాకు ఆవిడ తెలీదు, వాళ్ళ సంసారం తెలీదు. మా అమ్మ మా నాన్నని రోజూ సూట్‌కేసు గురించి అనే మాటే గుర్తొచ్చి అది రాసేశాను.

"ఈ పెట్టె మీరు ఏనాడూ పూర్తిగా ఖాళీ చెయ్యలేదు."

కట్టు విప్పిన నాలుగు రోజులకి, నల్లద్దాల కళ్ళజోడు పెట్టుకుని, గార్డుగారు మొదటిసారి కార్డులు తనే చదవడానికి కూర్చున్నారు. ఒకో కార్డూ తీసి దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, చదివి నవ్వుకుంటున్నారు. చివరి కార్డు దగ్గర ఆగిపోయారు.

"ఇది నువ్వేనా?" అన్నారు మరదలితో.

ఆవిడ తీసుకుని చదివింది. "మాత మీద ఒట్టు, నేను కాదు బావగారూ. నేను మీతోనే ఉన్నాను కదా ఆసుపత్రిలో" అంది. అని, నావైపు చూసింది. నా చెవులు ఎర్రబడి ఉంటాయి. ఆవిడ కార్డు తిరిగి ఆయన చేతికిచ్చేసింది. ఆయన నన్ను అడగలేదు. లేచి వెళ్ళి ఆ పెట్టె మూత ఎత్తారు.

ఎర్రజెండా తీశారు. పచ్చజెండా తీశారు. దీపం, ఈల, అట్ట ఊడిన రూల్సు పుస్తకం, తుప్పు పట్టిన మరచెంబు. అంతే, పెట్టె ఖాళీ. నా పాపం ఇంతటితో తీరిందని ఊపిరి పీల్చుకున్నాను. ఆయన వంగి, అడుగున పరిచిన పాత న్యూసుపేపరు కూడా లాగారు. దాని కింద, మూలలో, బొటనవేలంత కాగితం పొట్లం ఒకటి ఉంది. రాయిలా గట్టిపడిపోయింది. పైన ఊదారంగు అక్షరాలు.

ఆయనే చదివారు, పైకి. "కూరలో ఉప్పు వెయ్యడం మర్చిపోయాను. ఇందులో ఉంది, కలుపుకోండి. కోప్పడకండి."

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్ళారు. నా జబ్బల మీద వెంట్రుకలు ఒకటొకటిగా లేచి నిలబడడం నాకు తెలుస్తోంది. గార్డుగారు నేల మీద అలాగే కూర్చున్నారు. "ఒకసారి కాజీపేట నుంచి తిరిగొచ్చి, ఉప్పులేని కూర పెడతావా అని క్యారియరు విసిరికొట్టాను" అన్నారు. "నాలుగు రోజులు మాట్లాడలేదు. పొట్లం పెట్టానని ఒక్క మాట అనలేదు మనిషి. నేనే చూసుకోలేదు. ఎవరిదీ దిద్దకుండా ఉండేది కాదు, ఇదొక్కటీ దిద్దకుండా వెళ్ళిపోయింది."

ఆంటీ నన్ను వంటింట్లోకి లాక్కుపోయింది. "నువ్వే కదా రాసింది?" అంది గుసగుసగా. తలూపాను. "నీకెలా తెలుసే?"

"నాకు తెలీదాంటీ. నిజంగా తెలీదు. అది మా అమ్మ మా నాన్నని అనే మాట."

ఆవిడ నన్ను తేరిపార చూసి, నుదుటి నుంచి గుండె దాకా సిలువ గుర్తు వేసుకుంది. తర్వాత, ఎందుకైనా మంచిదని కాబోలు, నాకు కూడా వేసింది. ముందుగదిలోకి తిరిగొచ్చేసరికి గార్డుగారు ఆ ఉప్పుగడ్డలోంచి ఒక పలుకు గోరుతో గీకి, నాలుక మీద వేసుకుంటున్నారు.

ఆ తర్వాత ఆయన ఎనిమిదేళ్ళు బతికారు, చూపుతో, కిటికీలన్నీ తెరుచుకుని, మధ్య తలుపు మీదుగా మరదలితో పోట్లాడుకుంటూ. నేను ఒక కాలేజీలో లైబ్రేరియన్ అయ్యాను. నంబర్లు వెయ్యడం కంప్యూటరుకి వచ్చేసింది. ఆ కార్డు నేనే రాశానని ఆయనకి చెప్పాలని ఎన్నిసార్లు వెళ్ళానో, చెప్పకుండా టీ తాగి అన్నిసార్లు వచ్చేశాను. నెమ్మదిగా ఆలోచిస్తే అందులో వింతేముంది అనిపిస్తుంది. తన పెట్టె అడుగు దాకా ఖాళీ చేసిన మగవాడు ఏ ఊళ్ళో ఉన్నాడు? ఎవరి పెట్టెకి ఆ మాట రాసినా ఏదో ఒకటి దొరుకుతుంది. ఇలా నాకు నేను చాలాసార్లు నచ్చజెప్పుకున్నాను, ప్రతిసారీ సగంలో ఆపేశాను.

ఉప్పు పొట్లం దొరికిన ఆ మధ్యాహ్నం బస్సులో ఆ పిల్ల, అంటే అప్పటి నేను, కిటికీ ఊచకి నుదురు ఆనించి, నవ్వుతోందో ఏడుస్తోందో తెలీకుండా, పటమటలో దిగడం మర్చిపోయి ఆటోనగర్ దాకా వెళ్ళిపోయింది. అక్కడ లారీల మధ్య దిగి, ఎండలో అంత దూరం వెనక్కి నడిచింది. ఆ పిల్ల ఇప్పుడు నాకు ఎదురైతే, భయపడకమ్మా, అంతా మామూలేనని చెప్పి సర్దడానికి నేను తగినదాన్నే. వయసుంది, చదువుంది, రెండు కళ్ళజోళ్ళున్నాయి. కానీ చెప్పను. పక్కన ఊరికే నడుస్తాను, మాట్లాడకుండా, దాని దోవన దాన్ని భయపడనిచ్చి.